బారెడు ఎడం

కళింగపట్నం,
12 నవంబరు 2012.

జ్ఞానానందం బాబాయ్ గారికి,

గౌరి నమస్కారాలు. మీరు శ్రీకాకుళంలో స్టూడియో మూసేసి కొత్తవలసలో కాంతం ఇంటికి చేరారని చేపల వ్యాన్ సోములు చెప్పాడు. ఫోన్ చేస్తే కాంతం ఎత్తి, "నాన్నకి అస్సలు ఇనబడదక్కా. ఏటైనా ఉంటే ఉత్తరం రాసీ, సదూకుంటాడు" అంది. మా నాన్నా మీరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారన్న చనువుతో రాస్తున్నాను.

నాకో కెమెరా కావాలి. ఏది కొనాలో మీరు చెప్పాలి. అంగన్‌వాడీ టీచరుకు కెమెరా ఎందుకని నవ్వకండి. అది చిన్న పర్సులా నా గుప్పిట్లో పట్టాలి, నలుగురి కంట్లో పడకూడదు. ఎండలో కనబడాలి. మా సూపర్‌వైజర్ భారతిగారి కెమెరా ఒకసారి ఇసుకలో పట్టి చూశాను. వెనక తెరలో నా ముఖమే తప్ప ఎదురుగా ఉన్న పిల్లలు కనబడలేదు. పాత కెమెరాలకు కన్ను ఆనించి చూసే కిటికీ ఉండేది కదా. జేబులో పట్టేంత చిన్నవాటిలో అలాంటిది ఉందా?

ఎందుకో కూడా చెప్పేస్తాను. మా అబ్బాయి నాగబాబు చేపల వేటకు వెళ్తున్నాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచీ అదే పని. ఇప్పుడు పద్దెనిమిది వచ్చాయి. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటి లేదు. రేషన్ కార్డు మీద ముఖాలన్నీ చెరిగిపోయి అత్త ఎవరో కోడలెవరో తెలియదు. ఆధార్ వాళ్ళు వచ్చిన రోజు వాడు సముద్రంలో ఉన్నాడు. మా పేట సంగతి మీకు తెలిసిందే. మగవాణ్ణి ఒంటిగా నిలబెట్టి ఫోటో తీయరు. ఒంటి ఫోటో అంటే పోయినవాడి ఫోటో. "బతికున్నోడికి ఒంటి ఫోటో తీస్తే గంగమ్మకి ఆనవాలిచ్చినట్టేనే" అని మా అత్త చిన్నతల్లి ఇప్పటికీ అంటుంది.

మా ఆయనకూ అందుకే ఒక్క ఫోటో లేకపోయింది. మూడేళ్ళ కిందట ఎల్లాజీ శవమై ఒడ్డుకు కొట్టుకొస్తే, మీరే వచ్చి ఆ ముఖాన్ని ఫోటో తీశారు. కంప్యూటర్‌లో కళ్ళు తెరిపించి, తెల్లచొక్కా తొడిగి, దండ వేసుకోవడానికి ఇచ్చారు. ఆ మేలు మరిచిపోలేదు. కానీ బాబాయ్, ఆ కళ్ళు ఆయనవి కావు. ఎవరో పరాయి మనిషి నా గోడ మీద నుంచి నన్ను చూస్తున్నట్టు ఉంటుంది. కంచం పెట్టుకుని ఆ గోడకు వీపు పెట్టి ఇటు తిరిగి తింటాను. ఎవరి కళ్ళని అప్పుడే అడిగాను, మీరు చెప్పలేదు.

నా కొడుక్కి అలా జరగకూడదు. వాడు పోకూడదనే రోజూ దండం పెట్టుకుంటున్నాను. ఒకవేళ పోతే, వాడి ముఖంలో వాడి కళ్ళే ఉండాలి.

గౌరి


కొత్తవలస,
20 నవంబరు 2012.

చిరంజీవి గౌరికి,

దేవుడు నిన్నూ నీ కొడుకునూ చల్లగా చూడాలి. చాలాకాలానికి నా పేరు మీద కరెంటు బిల్లు కానిది ఒకటి వచ్చింది. కాంతం ఇల్లు రైలుకట్ట పక్కనే. కిరండూల్ నుంచి ఖనిజం బండి వస్తే ఇంటిల్లిపాదీ చెవులు మూసుకుంటారట. నాకు మాత్రం మంచం కోళ్ళు అదిరితేనే తెలుస్తుంది. ముసలితనంలో ఇదొక సుఖం.

కెమెరా సంగతి. షాపుకు వెళ్తే మెడలో వేలాడేసుకునే పెద్దది చూపిస్తారు. అది పట్టుకుని బయల్దేరావంటే పేటంతా నీ వెనకే వస్తుంది, వద్దు. తరవాత పలకలా పల్చటిది చూపిస్తారు. వెనకంతా తెరే. ఇప్పుడు లోకమంతా అదే కొంటోంది. పెళ్ళిపందిట్లో బాగానే ఉంటుంది, మీ ఇసుకలో మాత్రం నీ ముఖమే నీకు చూపిస్తుంది. నువ్వు సరిగ్గానే కనిపెట్టావు. నీకు కావలసింది ఇంకోటి. కాస్త లావుగా సబ్బుపెట్టెలా ఉంటుంది. తెర ఉంటుంది, ఆ పైన చిన్న గాజు కన్నం కూడా ఉంటుంది. వ్యూఫైండర్ అంటారు. ఆ రకం తయారీ తగ్గిపోయింది, ఏ షాపులోనో అడుగున ఒకటి పడి ఉంటుంది. ముఖానికి ఆనించి పట్టుకుంటాం కాబట్టి చెయ్యి కదలదు. పెన్సిల్ సెల్స్ వేసుకునేదైతే మరీ మంచిది. మీ ఊరి కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. తెర ఆపేసుకో, సెల్స్ చాలా రోజులు వస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. నువ్వు చూసే కన్నం వేరు, ఫోటో తీసే లెన్స్ వేరు. కన్నం పైన, లెన్స్ కింద. దూరంగా ఉన్నంతవరకూ రెండూ ఒకటే చూస్తాయి. మరీ దగ్గరికి వెళ్ళావో, నీకు కనబడేది ఒకటి, అందులో పడేది ఇంకొకటి. ముఖమంతా వచ్చిందనుకుని నొక్కుతావు, తీరా చూస్తే తల తెగిపోయి ఉంటుంది. మీరు లోతును బారల్లో కొలుస్తారు కదా. మనిషికీ నీకూ మధ్య ఒక బార ఎడం ఉంచు. ఎంత ముద్దొచ్చినా దగ్గరికి పోకు.

ఆ కళ్ళు ఎవరివైతే ఏం తల్లీ? పోయినవాళ్ళ కళ్ళు తెరవడమే నా స్టూడియోకు తిండి పెట్టింది. అన్నీ గుర్తుంటాయా? వదిలెయ్.

ఇంకోమాట. వాడికి తెలియకుండా దొంగచాటుగా తీయకు. అడిగి తియ్యి.

నీ బాబాయ్,
జ్ఞానానందం


కళింగపట్నం,
9 డిసెంబరు 2012.

బాబాయ్ గారికి నమస్కారం.

శ్రీకాకుళం వెళ్ళాను. మీరు చెప్పినట్టే షాపువాడు ముందు పల్చటిది చేతిలో పెట్టాడు. "మేడమ్, కన్నంలోంచి సూసే రోజులు పోనాయి. ఇది సూడండి, ఎంత నాజూగ్గా ఉన్నాదో" అని ఒకటే పొగడ్త. దాన్ని వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో చూస్తానంటే, పారిపోతాననుకున్నాడో ఏమో, తనూ వెనకే వచ్చాడు. ఇద్దరం రోడ్డు మీద నిలబడి తెరలో మా ముఖాలే చూసుకున్నాం. అప్పుడు ఒప్పుకుని లోపల్నుంచి సబ్బుపెట్టె తీశాడు. అట్ట మీద దుమ్ము దులిపాడు. కన్నంలో కన్ను పెట్టి చూస్తే ఎదురుగా బస్సు దిగుతున్న ముసలమ్మ ముక్కుపుడక కూడా కనిపించింది. అంత సంతోషం వేస్తుందనుకోలేదు. కొనేశాను.

ఇంటికొచ్చి నాగబాబుకు చూపించి, మీరన్నట్టు అడిగాను. వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "ఒకపాలి తీసీసినారు కదే, సాల్దేటి? ఒగ్గీ" అన్నాడు. రేషన్ కార్డు ఫోటో గురించి అంటున్నాడనుకుని అది చెరిగిపోయిందిరా అన్నాను. వాడు వల వైపు తిరిగి ఇంకో ముడి వేసుకున్నాడు. వాడికి మొదట్నుంచీ అదో రకం. తండ్రి ఫోటోకు దండ వేయమంటే కళ్ళు దించుకుని వేసి వెళ్ళిపోతాడు. ఆ కళ్ళంటే వాడికీ పడదు.

అత్త సరేసరి. "మొగుణ్ణి మింగినాది సాలక కొడుకుని పెట్టిలో పెట్టి పంపుతావేటే" అంది. ఆవిడకూ కొడుకే కదా పోయినవాడు అని ఊరుకున్నాను. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. బాబాయ్, నేను చేస్తున్నది తప్పా? ముందే ఫోటో తీసి ఉంచుకోవడమంటే పోతాడని నేనే రాసిపెట్టుకున్నట్టా?

గౌరి


కొత్తవలస,
17 డిసెంబరు 2012.

గౌరీ,

తప్పు కాదు. ఫోటో తీస్తే మనిషి పోతాడంటే నేను ఈ జిల్లాలో సగంమందిని చంపి ఉండాలి. పెళ్ళిళ్ళలో నేను తీసినవాళ్ళు మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు.

నేను చూసిన ఘోరం వేరే ఉంది. ఫోటో లేని శవం దగ్గరికి వెళ్ళడం. ఇంటివాళ్ళు గడ్డం పట్టుకుని ముఖం నావైపు తిప్పుతారు. "మావోడు నవ్వుతా ఉండేవోడండీ, నవ్వుతున్నట్టు సేయండి" అని నా చేతులు పట్టుకుంటారు. ఉబ్బిన ముఖంలోంచి నవ్వును ఎక్కడ్నుంచి తేను? ఎవరి నవ్వో తెచ్చి అతికించేవాణ్ణి. మీ పేటలో ఎవరైనా ఒకరు బతికున్న ముఖాలు తీసి ఉంటే నాకు ఆ పని తప్పేది.

మీ అత్తను ఏమీ అనకు. నాగబాబును తొందరపెట్టకు. ముందు మిగతావాళ్ళను తీసి చెయ్యి కుదుర్చుకో. వాడంతట వాడే వస్తాడు. బారెడు ఎడం మరిచిపోకు.

జ్ఞానానందం


కళింగపట్నం,
22 జనవరి 2013.

జ్ఞానానందం గారికి,

ఈసారి బాబాయ్ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు చెప్పినట్టే ముందు అంగన్‌వాడీ పిల్లల్ని తీశాను, తరవాత వాళ్ళ తల్లుల్ని. నిన్న ఉదయం నాగబాబు తనే వచ్చాడు. "ఒక్కటే తియ్యి. మగోళ్ళెవలూ సూడకూడదు" అన్నాడు. చేపలు ఎండబెట్టే దడుల వెనక్కి తీసుకెళ్ళాను. బారెడు ఎడంలోనే నిలబడ్డాను. కన్నంలోంచి చూస్తే వాడు నన్ను చూసి నవ్వుతున్నాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఇంకా దగ్గరగా చూడాలనిపించింది. ఒక్కో అడుగే ముందుకు వేశాను. చివరికి మూరెడు దూరంలోకి వచ్చేశాను. ఆ చిన్న కిటికీలో ముక్కూ మూతీ కూడా పక్కకు పోయి, రెండు కళ్ళే నిండిపోయాయి.

అవి నా గోడ మీది కళ్ళు.

మూడేళ్ళుగా రోజూ రెండు చోట్లా చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ పోల్చుకోలేకపోయాను. ఆ ముఖంలో ఉంటే ఎవరో పరాయివాడు, ఈ ముఖంలో ఉంటే నా కొడుకు. ముఖాలు తీసేసి కళ్ళు మాత్రమే చూపించేసరికి పోల్చుకున్నాను. వేలు దానంతటదే నొక్కేసింది. "ఒరే, మీ నాన్న ఫోటోలో..." అన్నాను. వాడు నవ్వు ఆపాడు. "నాకు తెల్సమ్మా. ఆ రోజే తెల్సు. స్టూడియోకి ఎల్తే ఆయన నన్ను కూసోబెట్టి, కళ్ళు పెద్దవి సేసి సూడరా అన్నాడు. నువ్వేడుస్తావని సెప్పలేదు" అన్నాడు. అనేసి నావ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి కెమెరా తెర వేసి చూశాను. మీరన్నట్టే జరిగింది. నవ్వుతున్న నోరుంది, గడ్డం ఉంది, మెడలో తాడుంది. కళ్ళు లేవు. పైన తెగిపోయాయి.

అది నా పొరపాటు. కానీ మీరు చేసిందేమిటి? దొంగచాటుగా తీయకు, అడిగి తియ్యి అని నాకు బుద్ధి చెప్పారు కదా. బతికున్న నా బిడ్డ కళ్ళు తీసుకెళ్ళి శవం ముఖంలో పెట్టారు. ప్రతి పెద్దల పండక్కీ నా కొడుకు కళ్ళకే దండ వేసి, అగరొత్తి వెలిగించి, దండం పెట్టాను. వాడి చేత వాడికే వేయించాను. వాడి గుండె ఎంత కుతకుతలాడి ఉంటుంది!

ఆ ఫోటోను గుడ్డలో చుట్టి సోముల చేత పంపుతున్నాను. ఆ కళ్ళు మూసేయండి. ఆయన ఒడ్డుకు ఎలా వచ్చాడో అలాగే ఉండనీయండి. అవి మూసేదాకా నాగబాబుకు ఇంకో ఫోటో తీయను.

గౌరి


కొత్తవలస,
29 జనవరి 2013.

గౌరికి,

ఫోటో చేరింది. నా బల్ల మీద ఉంది.

నువ్వు తిట్టినదంతా నాకు తగినదే. ఎందుకు చేశానో మాత్రం చెబుతాను. స్టూడియోలో ఉన్న ఫోటోల్లోంచి ఎన్నో కళ్ళు తెచ్చి ఎల్లాజీ ముఖంలో పెట్టి చూశాను. ఒక్కటీ నప్పలేదు. ఏ కళ్ళు పెట్టినా దొంగలా కనిపించాడు. ఫోటో తీసుకెళ్ళడానికి వచ్చిన మీ బంధువుల వెనక నీ కొడుకు నిలబడి ఉన్నాడు. తండ్రి చూపు వాడి దగ్గర ఉంది కదా, బయట వెతకడమెందుకు అనిపించింది. నీకు చెబితే ఒప్పుకోవని తెలుసు. ముసలివాడి తెలివి అనుకున్నాను. అప్పుడు అది మంచిపనిగానే తోచింది.

ఇప్పుడు మూయడం గురించి. ఆ కంప్యూటర్ పాతసామాన్లవాడికి వెళ్ళిపోయింది, ఆ ఫోటో కాపీ ఎక్కడా లేదు. మిగిలింది ఈ ఒక్క కాగితమే. దీనిమీద కుంచెతో రంగు వేసి, పాతకాలం పద్ధతిలో రెప్పలు దించాలి. నేను చేయగలను. ఒకసారి వేస్తే మాత్రం మళ్ళీ తెరవడం ఎవరివల్లా కాదు. అందుకే వారం రోజులు ఆగుతాను. వద్దనుకుంటే ఒక్క ముక్క రాసిపడెయ్. రాయకపోతే మొదలుపెడతాను.

ఈలోపు పంతం మాని వాణ్ణి మళ్ళీ తియ్యి. గోడ మీది కళ్ళకూ వాడి ఫోటోకూ ముడిపెట్టకు.

జ్ఞానానందం


కళింగపట్నం,
8 ఫిబ్రవరి 2013.

బాబాయ్,

నాగబాబు పోయాడు.

మంగళవారం పొద్దున్న. వంశధార సముద్రంలో కలిసే మొగ దాటుతుంటే నావ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. నావ నడిపిన నరసింగరావు ఇసుకలో కూలబడి, "నిన్న లేని ఇసకతిన్నె ఇయాల లేసిపోనాదమ్మా, నేనేటి సేసీది" అని తల బాదుకున్నాడు. వల కాళ్ళకు చుట్టుకుందట. అందరూ కలిసి వెతికారు. మనిషి దొరకలేదు. ఎల్లాజీని తిరిగిచ్చిన సముద్రం వీణ్ణి ఇవ్వలేదు.

మీ ఉత్తరానికి జవాబు రాయలేదు. మూసేయమనే నా ఉద్దేశం, అందుకే రాయలేదు. వాడికి ఇంకో ఫోటో కూడా తీయలేదు. ముందురోజు కూడా "తీస్తావేటే?" అని వాడే అడిగాడు. ఆ కళ్ళు మూశాక తీస్తానన్నాను. "సరేలే" అన్నాడు.

శరీరం లేదు కాబట్టి ఫోటో పెట్టి కర్మ చేయాలంటున్నారు పెద్దలు. నా దగ్గర నోరు ఉంది. నవ్వుతున్న నోరు.

బాబాయ్, ఆ కళ్ళు మూసేశారా? మూయకపోతే మూయకండి. కాంతానికి ఫోన్ చేస్తే ఇప్పుడే తెలుస్తుంది. ఆ జవాబు చెవులతో వినే ధైర్యం నాకు లేదు. మీరే రాయండి.

గౌరి


కొత్తవలస,
12 ఫిబ్రవరి 2013.

అమ్మా గౌరీ,

నీ ఉత్తరం కాంతం చదివి నాకు చెప్పలేక చేతిలో పెట్టింది. చదివాను. ఏడ్చాను. నేను ఏడుస్తుంటే ఎంత గట్టిగా ఏడుస్తున్నానో నాకు తెలియదు. వీధిలో వాళ్ళు వచ్చారు.

నీకు అబద్ధం రాయను. చెప్పిన వారం ఆగాను. నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఆదివారం గుడి నుంచి వచ్చి కుంచె పట్టుకున్నాను. ఒక్కో గీతే వేస్తూ ఒక కన్ను మూసేసరికే సాయంత్రమైంది. రంగు ఆరాక రెండోది చేద్దామని పక్కన పెట్టాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

ఒక కన్ను మూసి ఉంది, ఒక కన్ను తెరిచి ఉంది.

వేసిన రంగును తుడిస్తే కింద కాగితం కూడా లేచిపోతుంది. తెరిచి ఉన్నదాన్ని చూసి, మూసినదాని మీద కొత్త కన్ను వేయగలను. తేడా ఎవరూ పట్టలేరు. కానీ అది నేను గీసిన కన్ను అవుతుంది, వాడిది కాదు. నిన్ను అడక్కుండా ఇంక ఏదీ చేయను. ఫోటోను ఉన్నదున్నట్టు సోముల చేత పంపుతున్నాను. రెండోది గీయమంటే తిప్పి పంపు. గీస్తాను. పొయ్యిలో పెట్టాలనిపిస్తే పెట్టు. నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

జ్ఞానానందం


కళింగపట్నం,
3 మార్చి 2013.

బాబాయ్ గారికి,

ఫోటో చేరింది. తిప్పి పంపడం లేదు.

మొదట చూసినప్పుడు భయం వేసింది. అత్త అయితే కొంగు నోట్లో కుక్కుకుని గోడకు జారబడిపోయింది. తరవాత ఆవిడే దగ్గరకొచ్చి, మూసి ఉన్న కన్ను మీద వేలు పెట్టి, "ఇది నా కొడుకు" అంది. తెరిచి ఉన్నదాని మీద పెట్టి, "ఇది నీ కొడుకు" అంది. అంతకంటే నాకు చెప్పడం రాదు.

మీ మీద కోపం పోలేదు. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. కానీ మీరు ఆ రోజు ఆ పని చేయకపోతే వాడి చూపు ఈ ప్రపంచంలో ఎక్కడా ఉండేది కాదు. ఈ రెండూ నా మనసులో ఒకేసారి ఉన్నాయి. ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

కర్మకు ఆ ఫోటోనే పెట్టాం. నేను తీసిన ఫోటోను శ్రీకాకుళంలో కడిగించి దాని కిందే తగిలించాను. నోరు కింద, కన్ను పైన. దండ మాత్రం దేనికీ వేయనివ్వలేదు.

ఒకరోజు నరసింగరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గౌరమ్మా, నన్నూ తీసీ. ఒంటిగానే" అన్నాడు. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. ఇప్పుడు వేటకు వెళ్ళేముందు మగవాళ్ళే వచ్చి అడుగుతున్నారు. అందరినీ తీస్తున్నాను. తాడుతో ఒక బార కొలిచి ఇసుకలో గీత గీశాను. ఆ గీత దాటి నేను ముందుకు వెళ్ళను.

అన్నం ఇటు తిరిగి తింటానని మీకు మొదటి ఉత్తరంలో రాశాను కదా. ఇప్పుడు కంచం పెట్టుకుని గోడ వైపే తిరిగి కూర్చుంటున్నాను.

గౌరి